చొక్కా జేబులో వేరే ఇంటి కరెంటు బిల్లు దొరికింది, ఆదివారం పంచాయితీ అంటున్నారు, అంతకుముందు నేనేం చేయాలి?

పానగల్లు ఆడబిడ్డ:

అందరికీ నమస్కారం. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను, పొడుగైనా కొంచెం ఓపికగా చదవండి.

మాది నల్లగొండ. పెండ్లయి పన్నెండేళ్లు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. మా ఆయనకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. సీజన్‌లో దుకాణం లెక్కలు నేనే రాస్తాను. మేముండే ఇల్లు మా అత్తమ్మ పేరు మీద ఉంది.

ఏడాదిన్నర నుంచి మనిషి మారిపోయాడు. లోడు పని అని వారానికి రెండు రోజులు మిర్యాలగూడ పోతాడు, ఆ రాత్రి ఇంటికి రాడు. ఫోన్ బోర్లా పెడతాడు, స్నానానికి పోతే అది కూడా వెంట పోవాలి. రైతుల దగ్గర ఉద్దెర వసూలు కాక టెన్షన్‌లో ఉన్నాడేమో అనుకున్నాను, నిజంగా అట్లనే అనుకున్నాను. పోయిన నెల బట్టలు నానబెడుతూ చొక్కా జేబు చూస్తే నాలుగు మడతలు పెట్టిన కరెంటు బిల్లు ఒకటి దొరికింది. సర్వీసు నంబరు మాది కాదు, పేరు ఎవరిదో, అడ్రసు మిర్యాలగూడ. వెనక్కి తిప్పితే పెన్నుతో "గ్యాస్, పాలు, స్కూల్ ఫీజు 7,000" అని రాసి ఉంది. ఆయన ఏడు మీద చిన్న అడ్డగీత పెడతాడు, పన్నెండేళ్ల నుంచి ఆ అంకెలే కదా నేను కూడేది. స్కూల్ ఫీజు అన్న మాట దగ్గర నాకు చేతులు ఆడలేదు. మా పిల్లల ఫీజు కట్టేది నేనే, ఈ నెల ఇంకా కట్టలేదు కూడా.

తర్వాత దుకాణం లెక్కలు తిరగేశాను. ప్రతి నెలా ఐదో తారీఖుకు అటూ ఇటూగా ఒకే నంబరుకు ఫోన్‌పేలో 6,500 పోతోంది, పుస్తకంలో మాత్రం "గోదాం కిరాయి" అని ఉంది. మాకు మిర్యాలగూడలో గోదాం లేదు. అడిగితే మొదట నా మీదే అరిచాడు, మూడో రోజు "ఔను, ఉంది. నీకేం తక్కువ చేసిన" అన్నాడు. అత్తమ్మ ఏమో పిల్లల మొఖం చూసి సర్దుకో బిడ్డా అంటోంది.

మా అన్న కోపం మీద పెద్దమనుషుల్లో పెట్టాడు. ఆదివారం కూర్చుంటారట. ఐదు లక్షలు, ఊరి పక్కన వంద గజాల ప్లాటు ఇస్తాం, బాండు పేపరు మీద విడాకులు రాసుకుని ఎవరి దారి వాళ్లు చూసుకుందాం అని అటువాళ్లు కబురు పెట్టారు. సంతకం పెట్టాలా? పోలీస్ కేసు పెడితే ఏమవుతుంది? ఆయన ఫోన్ తీసి చూడొచ్చా? ఈ ఇంట్లోంచి నన్ను వెళ్లగొట్టగలరా? రాత్రుళ్లు నిద్ర లేదు, ఒక్కోసారి బతుకు మీదే ఆశ పోతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సాగర్ రోడ్డు:

అక్కా, సంతకం గింతకం జాన్తా నై. బిల్లు మీద అడ్రసు ఉంది కదా, మీ అన్నను, ఇంకో నలుగురిని తీసుకుని ఒక రాత్రి పోయి తలుపు కొట్టండి, వీడియో తీయండి, వాట్సాప్‌లో పెట్టండి. ఇద్దరినీ ఠాణాలో కూర్చోబెడితే దిగొస్తారు.

కోర్టు ఆవరణ:

సాగర్ రోడ్డు గారు, మీ కోపం అర్థమవుతోంది కానీ దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఇట్లాంటి రాత్రి తలుపు కొట్టిన కేసులు నేను చూశాను. ఇంట్లోకి చొరబడ్డారని, కొట్టారని అన్నదమ్ముల మీద కేసులు అవుతాయి. ఆ వీడియో నలుగురికీ పంపితే ఐటీ చట్టం కింద ఇంకో కేసు. చివరికి తప్పు చేసినవాడు ఫిర్యాదుదారుడు అవుతాడు, ఈ అమ్మ అన్న బెయిలు కోసం తిరుగుతాడు.

అమ్మా, నేను ఈ జిల్లా కోర్టుల్లోనే ప్రాక్టీసు చేస్తాను. కాగితాలు చూడకుండా ఇంతవరకే చెప్పగలను.

ముందు ఆదివారం సంగతి. సంతకం పెట్టొద్దు. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెండ్లి కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. కులాచారం ప్రకారం విడిపోవడాన్ని 29వ సెక్షన్ కాపాడుతుంది, నిజమే, కానీ అట్లాంటి ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేయాలి, ఎనిమిది మంది కూర్చుని బాండు పేపరు మీద రాసుకుంటే అది ఆచారం అయిపోదు. ఆ కాగితం మిమ్మల్ని విడదీయదు, మీకు రక్షణా ఇవ్వదు. ప్లాటు సంగతీ అంతే. బాండు మీద "ఇస్తాం" అని రాస్తే ప్లాటు మీదైపోదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ పేరు మీద రిజిస్టర్ అయితేనే మీది. అసలు ఆ ప్లాటు ఎవరి పేరు మీద ఉందో, బ్యాంకులో తాకట్టు ఉందో ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్టు చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తీయించి చూడకుండా దాని ఊసే ఎత్తొద్దు.

పోలీస్ కేసు. పరాయి సంబంధం ఒక్కటే కారణంగా ఈరోజు దేశంలో క్రిమినల్ కేసు లేదు. పాత ఐపీసీ 497ను 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం కొట్టేసింది, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాన్ని మళ్లీ పెట్టలేదు. అప్పట్లో ఉంటే బాగుండేది అని చాలామంది ఆడవాళ్లు నాతో అంటారు. అప్పుడు కూడా మీకు దారి లేదమ్మా. ఆ సెక్షన్ కింద భర్త మాత్రమే, అదీ తన భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడి మీద ఫిర్యాదు చేయగలిగేవాడు. భర్త మీద కేసు పెట్టే హక్కు భార్యకు ఎన్నడూ లేదు.

అయితే ఆయన ఆమెను పెండ్లి చేసుకుని ఉంటే లెక్క వేరు. మొదటి పెండ్లి ఉండగా రెండోది చేసుకోవడం సంహితలో 82వ సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. కానీ కలిసి ఉన్నారంటే చాలదు, పెండ్లి తంతు జరిగిందని రుజువు కావాలి. చాలా కేసులు అక్కడే పోతాయి. ఇక కొట్టడం, కట్నం కోసం వేధించడం లాంటివి జరిగితే పాత 498ఏ, ఇప్పటి 85వ సెక్షన్ ఉంది. సంబంధం ఉన్నంత మాత్రాన అది ఈ సెక్షన్ కింద క్రూరత్వం కాదని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. జరగనిదాన్ని జరిగిందని రాసి ఈ కేసు పెట్టకండి, అబద్ధం ఒక్కటి బయటపడితే మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

మరి మీ చేతిలో ఏముంది? చాలా ఉంది. గృహహింస చట్టం, 2005. మాటలతో, మానసికంగా, డబ్బుపరంగా ఏడిపించడం కూడా అందులో హింసే. దాని 17వ సెక్షన్ మీకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది. ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉందని భయపడుతున్నారు కదా, భర్త బంధువుల పేరు మీద ఉన్నా కోడలు కాపురం చేసిన ఇల్లు ఉమ్మడి నివాసం కావచ్చని 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోర్టు ఆర్డర్ లేకుండా మిమ్మల్ని బయటికి నెట్టలేరు. అలిగి తల్లిగారింటికి మాత్రం పోకండి. ప్రాణానికి ముప్పు ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, 112కు ఫోన్ చేయండి, అది వేరే మాట. కోపం మీద పెట్టె సర్దుకుని పోతే తిరిగి ఆ గడప తొక్కడానికి ఏండ్లు పడుతుంది.

భరణానికి నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్ ఉంది, పాత సీఆర్‌పీసీ 125 అదే. మీకు, పిల్లలకు వేర్వేరుగా అడగొచ్చు. మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన అరవై రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నిజానికి కోర్టులో ఇంకా ఎక్కువే పడుతుంది, కానీ 2020 నవంబర్ నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క కడతారు. అదే తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, ఆదాయం ప్రమాణపత్రంలో చూపించాలి. సాధారణంగా ఇక్కడే వ్యాపారస్తుడు "నాకు నెలకు పదివేలు కూడా మిగలడం లేదు" అని రాసిస్తాడు, భార్య దగ్గర దాన్ని కాదనడానికి ఏమీ ఉండదు. మీరు దుకాణం లెక్కలు రాస్తాను అన్నారే, ఆ ఒక్క మాట చదివి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కంపెనీల నుంచి వచ్చిన సరుకు బిల్లులు, ఉద్దెర పద్దులు, రోజు అమ్మకం, "గోదాం కిరాయి" అని రాసిన పేజీలు, అన్నీ ఫోటోలు తీసి మీ ఒక్కరి దగ్గరే ఉండేచోట దాచండి. పుస్తకాలు ఎత్తుకెళ్లొద్దు, ఫోటోలు చాలు.

అన్నట్టు ఆ కరెంటు బిల్లు ఈరోజే ఫోటో తీయండి, ముందూ వెనకా. అది వేడికి అచ్చయ్యే కాగితం, కొన్ని నెలల్లో అక్షరాలు ఎగిరిపోయి తెల్లకాగితం మిగులుతుంది.

ఫోన్ గురించి. ఆయనతో మీరు మాట్లాడిన మాటలు మీ ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. భార్యాభర్తల మధ్య విడాకుల కేసులో ఒకరు చెప్పకుండా రికార్డు చేసిన సంభాషణను కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలై 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, పంజాబ్‌లోని బఠిండా ఫ్యామిలీ కోర్టులో మొదలై పైదాకా పోయిన కేసు అది. రికార్డింగ్ ఉన్న ఫోన్‌ను మార్చొద్దు, అమ్మొద్దు, కత్తిరించి అతికించొద్దు, కోర్టులో వేసేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం (సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆయన ఫోన్ లాక్ తెరిచి గూఢచారి యాప్ వేయడం మాత్రం వద్దు, ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం. కాల్ రికార్డులు, లాడ్జి రిజిస్టరు, ఆ స్కూల్‌లో తండ్రి పేరు ఎవరిదని రాశారో, ఇవన్నీ అవసరమైతే కోర్టు ద్వారా తెప్పించమని అడగొచ్చు. మీరు ఆ స్కూల్‌కు పోయి అడగొద్దు. ఆ పిల్ల ఎవరిదైనా సరే, ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు.

విడాకులు కావాలా వద్దా అన్నది ఈ వారం తేల్చుకోవాల్సిన పని కాదు. కావాలనుకుంటే హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మొదటి కారణమే ఈ పరాయి సంబంధం. 1976 సవరణ తర్వాత "అలవాటుగా" అని చూపించక్కర్లేదు, ఒక్కసారి జరిగినా చాలు. కళ్లారా చూసిన సాక్షి కూడా అక్కర్లేదు, నెలనెలా కిరాయి, వారం వారం రాత్రి బస, చేతిరాత లెక్క, ఒప్పుకున్న మాట, వీటన్నిటినీ కలిపి ఏది నమ్మదగినదో జడ్జి చూస్తారు. భార్య తానుంటున్న ఊరి కోర్టులోనే కేసు వేయొచ్చు, ఫ్యామిలీ కోర్టు లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో.

వకీలు ఫీజు గురించి ఆలోచించకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు జిల్లా కోర్టులోనే ఉంటుంది, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఫోన్ 15100.

పాలమూరు అక్క:

చెల్లె, నీ రాత చదివి రాత్రి నాకు కూడా నిద్ర రాలేదు. వకీలు గారు బాండు పేపరు గురించి రాసింది నా బతుకులో జరిగింది, అందుకే రాస్తున్నా.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. 2016లో మా పంచాయితీ అయింది. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, మగవాళ్లు కుర్చీల్లో, నేనూ మా అమ్మా అరుగు మీద. పొద్దున పదింటికి మొదలైతే సాయంత్రం దాకా నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. చివరికి మూడు లక్షలు అన్నారు, లక్ష అప్పుడే లెక్కపెట్టి మా బాపు చేతిలో పెట్టారు, మిగతా రెండు పంట చేతికొచ్చినంక అన్నారు. "ఇకపై నాకు అతనితో ఎలాంటి సంబంధం లేదు, భరణం అడగను" అని నాతో సంతకం పెట్టించారు. అక్కడే పుస్తెలతాడు తీసి ఇమ్మన్నారు చెల్లె. మా అమ్మ ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ రెండు లక్షలు రాలేదు. రెండేళ్లకు మా చిన్నమ్మ ఒక మంచి సంబంధం తెచ్చింది, అతను చదువుకున్నవాడు, విడాకుల డిక్రీ కాపీ చూపించమన్నాడు. బాండు పేపరు చూపిస్తే మహబూబ్‌నగర్‌లో వకీలు సాబ్ తలపట్టుకుని "అమ్మా, నువ్వు చట్టం లెక్కన ఇంకా ఆయన భార్యవే" అన్నాడు. అప్పటికే ఆయన గుళ్లో వేరే ఆమెను పెండ్లి చేసుకున్నాడని ఊరంతా తెలుసు, కానీ ఒక్క ఫోటో లేదు, పూజారి నాకు గుర్తు లేదన్నాడు. ఆ పేపరు మీద ఎనిమిది మంది సంతకాలు ఉన్నాయి, కోర్టుకు వచ్చి చెప్పమంటే ఒక్కరు రాలేదు. ఆఖరికి పరస్పర అంగీకారం మీద విడాకులు తీసుకున్నాం. సంతకం పెట్టడానికి ఆయన నన్నే పైసలు అడిగాడు. ఆ మంచి సంబంధం అప్పటిదాకా ఆగలేదు.

ఇప్పుడు కుట్టు మిషన్లు మూడు పెట్టుకున్నా, ఇద్దరు ఆడపిల్లలకు నేర్పిస్తున్నా, నా తిండి నేను తింటున్నా.

ఇంకొక్కటి. నీ బంగారం. పెండ్లిలో మీవాళ్లు పెట్టింది, నీకు బహుమతిగా వచ్చింది నీ స్త్రీధనం, అది ఎవరి బీరువాలో ఉన్నా నీదే. నాది మా అత్త దగ్గర ఉండిపోయింది, ఎన్ని తులాలు అని అడిగితే చెప్పడానికి నా దగ్గర కాగితం లేదు. పెండ్లి ఆల్బమ్ తీసి ఒంటి మీద నగలు కనిపించే ఫోటోలన్నీ పక్కన పెట్టు, షాపు రసీదులు ఉంటే ఇంకా మంచిది. మీ అన్నకు గట్టిగా చెప్పు, కూర్చోవాలంటే కూర్చోండి, మాట్లాడండి, నేనైతే ఏ కాగితం మీదా సంతకం పెట్టను అని.

కల్వకుర్తి నుంచి:

మగవాడిని కాబట్టి ఇక్కడ రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. నాది అవతలి వైపు కథ.

నేను పుణెలో సెంట్రింగ్ పనికి పోయేవాణ్ని, మా ఊరి నుంచి సగం మంది అట్లనే పోతారు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాణ్ని. నా భార్య గురించి ఒకరూ ఇద్దరూ ఫోన్‌లో చెప్పారు, నమ్మలేదు, ఒకసారి చెప్పకుండా దిగితే తెలిసిపోయింది. ఆ మనిషిని కొట్టాను. పన్నెండు కుట్లు పడ్డాయి అతనికి. నేను ఠాణాలో ఉన్న రాత్రి మా అవ్వ బయట మెట్ల మీదే కూర్చుంది. వాడి మీద కేసు పెట్టండి సార్ అంటే ఎస్సై గారు అట్లాంటి కేసే లేదు, నీ మీదే ఉంది అన్నారు. అప్పుడు నాకు తెలిసింది.

ఫోన్‌లో యాప్ వేసి ఆమె మెసేజ్‌లు కూడా తీశాను. వకీలు చూసి ఇవి బయటపెడితే నువ్వే ఇరుక్కుంటావు అన్నాడు.

అన్నిటికంటే తప్పు ఆలోచన ఒకటి చేశాను. బాబు నా కొడుకేనా అని డీఎన్ఏ పరీక్ష అడిగాను. కాపురం సాగుతుండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అని చట్టం అనుకుంటుందట, ఆ సమయంలో ఇద్దరూ కలిసే వీలే లేదని రుజువు చేస్తే తప్ప, కోర్టులు కూడా అడగ్గానే పరీక్షకు పంపరట. వకీలు ఇదంతా చెప్పి, "పంపినా, ఆ కాగితం వచ్చిన రోజు వాడికి నాన్న అని పిలవడానికి ఎవరుంటారు" అన్నాడు. నేను ఆ మాట వదిలేశాను. ఇప్పుడు వాడు ఆరో తరగతి. సెలవులకు నా దగ్గరికి వస్తాడు, చేపలు పట్టడానికి చెరువుకు పోతాం.

మేము ఏడాది విడిగా ఉండి 13బీ కింద, అంటే ఇద్దరి అంగీకారంతో విడాకులకు వేసుకున్నాం, ఆరు నెలల తర్వాత డిక్రీ వచ్చింది. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని, రాజీకి దారే లేదనుకుంటే జడ్జి తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పిందట, మాకు ఎవరూ అడగమని చెప్పలేదు. అక్కా, నా తరఫున ఒక్కటే మాట. రుజువు లేకుండా కోర్టు కాగితాల్లో ఒకరి శీలం మీద నింద వేస్తే అది కూడా క్రూరత్వమే అవుతుంది, మా కేసులో నేను మొదట అట్లా రాయించబోతే వకీలే ఆపాడు. మీ దగ్గర ఉన్నంతే రాయండి.

స్టాఫ్ నర్సు:

అందరూ కోర్టు సంగతి రాశారు, నేను ఒంటి సంగతి రాస్తాను.

అమ్మా, ఆయనకు ఏడాదిన్నర నుంచి బయట సంబంధం ఉంది, మీతోనూ కాపురం ఉంది. సిగ్గుపడకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీటీసీకి పోండి. హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ అక్కడ ఉచితం, సిఫిలిస్ పరీక్ష కూడా అడగండి. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఎవరికీ చెప్పకూడదు, 2017 హెచ్ఐవీ చట్టంలోనే ఉంది. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మూడు నెలల తర్వాత ఇంకోసారి చేయించుకోండి. తెల్లబట్ట ఎక్కువ కావడం, పొత్తికడుపు నొప్పి, మూత్రంలో మంట లాంటివి ఉంటే అక్కడే సురక్ష క్లినిక్ ఎక్కడని అడగండి, మందులు ఇస్తారు. ఏమీ అనిపించకపోయినా పోండి, చాలామంది ఆడవాళ్లకు ఏ లక్షణమూ కనిపించదు.

మీరు చివర్లో రాసిన మాట, బతుకు మీద ఆశ పోతోంది అన్నది, నేను రెండుసార్లు చదివాను. మీది పురుగుమందుల దుకాణం. ఇంట్లో ఒక్క డబ్బా ఉన్నా ఈరోజే దుకాణానికి పంపించేయండి, దాచిన సీసాలు కూడా. క్యాజువాలిటీలో పదకొండేళ్లు చేశాను, మందు తాగి వచ్చి బెడ్ మీద "బతికించండి మేడమ్" అని చేయి పట్టుకున్నవాళ్లే ఎక్కువ. ఆ క్షణం దాటితే వాళ్లు బతకాలనే అనుకుంటారు. 14416 టెలిమానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ నంబరు, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. మీ అన్నకో, ఒక స్నేహితురాలికో ఈ మాట ఒక్కటి చెప్పండి, సగం భారం దిగుతుంది.

పానగల్లు ఆడబిడ్డ:

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. నాలుగు రోజులుగా ఒక్కొక్కటే చేస్తున్నా కాబట్టి ఇప్పుడు రాస్తున్నా.

బిల్లు ఫోటో తీశాను. నిజంగానే మడతల దగ్గర అక్షరాలు పోవడం మొదలైంది. లెక్కల పుస్తకాలు మధ్యాహ్నం ఆయన బ్యాంకుకు పోయినప్పుడు తీశాను, నూట పద్నాలుగు పేజీలు. ఇంట్లో బాత్రూం పైన రెండు మందు డబ్బాలు ఉంటే దుకాణం కుర్రాడితో పంపించాను, ఎందుకని అడగలేదు వాడు.

ఆదివారం కూర్చున్నారు. నేను కూడా పోయాను, మా అన్న పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నా. సంతకం పెట్టనని చెప్పాను. ఒక పెద్దాయన "ఆడపిల్ల ఇంత మొండిగా ఉంటే ఎట్లా" అన్నాడు, మా అన్న ఏదో అనబోతే చేయి పట్టి ఆపాను. ప్లాటు ఎవరి పేరు మీద ఉంది పెద్దయ్యా అని అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు. అది ఇంకా మా మామయ్య పేరు మీదే ఉంది, ఆయన చనిపోయి ఐదేళ్లు, ఇద్దరు ఆడబిడ్డల వాటా కూడా ఉంది అందులో.

ఆసుపత్రికి మంగళవారం పోతా. న్యాయసేవ ఆఫీసుకు సోమవారం.

వకీలు గారూ, ఒక్క డౌటు. నేను ఇదే ఇంట్లో ఉంటున్నా, వండి పెడుతున్నా, అత్తమ్మకు బీపీ మాత్రలు ఇస్తున్నా. ఇట్లా ఉంటే నేను క్షమించినట్టు అవుతుందని మా ఆడబిడ్డ అంటోంది. నిజమేనా? ఇంకోటి, పిల్లలను తీసుకుపోతా అని ఆయన బెదిరిస్తున్నాడు.

కోర్టు ఆవరణ:

మంచి ప్రశ్న అడిగారమ్మా, చాలామంది ఇది అడగకుండానే కేసు వేస్తారు. హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లో ఆ మాట ఉంది, తప్పు తెలిసి కూడా మన్నించి ఉంటే ఆ కారణం మీద విడాకులు రావు. కానీ మన్నించడం అంటే తెలిసిన తర్వాత మునుపటిలాగా భార్యాభర్తలుగా కాపురం సాగించడం. ఒకే కప్పు కింద ఉండటం, పిల్లల కోసం వండటం, పెద్దావిడకు మాత్రలు ఇవ్వడం మన్నింపు కాదు. మీరు పిల్లలతో వేరే గదిలో పడుకోండి, ఏ తేదీ నుంచి అట్లా ఉంటున్నారో ఒక నోటుబుక్‌లో రాసుకోండి. "క్షమించాను, అంతా మర్చిపోయాను" లాంటి మెసేజ్ ఆయన అడిగినా పంపకండి. రేపు మీరే మనసు మార్చుకుని ఆయనతో ఉండాలనుకుంటే అది మీ ఇష్టం, ఎవరూ తప్పుపట్టరు, ఆ నిర్ణయం మాత్రం తెలిసి తీసుకోండి.

పిల్లల విషయంలో కోర్టు చూసేది వాళ్ల మేలు ఒక్కటే. స్కూల్‌కు ఎవరు పంపుతున్నారు, ఫీజు ఎవరు కడుతున్నారు, జ్వరం వస్తే ఎవరు తీసుకుపోయారు, అవన్నీ అడుగుతారు. పాపకు తొమ్మిదేళ్లు కాబట్టి జడ్జి తనతో విడిగా మాట్లాడినా మాట్లాడతారు, అందుకే ఇప్పటి నుంచి తండ్రి మీద ఏదీ నూరిపోయకండి. బెదిరించిన మాట, తేదీ రాసి పెట్టండి. గృహహింస దరఖాస్తులోనే పిల్లల తాత్కాలిక కస్టడీ కూడా కలిపి అడగొచ్చు.

సోమవారం వచ్చేటప్పుడు పెండ్లి కార్డు, పెండ్లి ఫోటోలు, ఆధార్‌లు, రేషన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఫీజు రసీదులు పట్టుకురండి. ఆ నూట పద్నాలుగు పేజీల్లో గోదాం కిరాయి ఉన్నవి ముందు ప్రింటు తీయించండి. మిగతావి తర్వాత చూసుకుందాం.